విడాకులమ్మకు కప్పిన శాలువా

ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలు నాకు ఇప్పుడు బాగానే చదవొస్తాయి. నలభై దాటాక పట్టిన చదువు కనుక చిన్న అక్షరాల దగ్గర కొంచెం తడుముకుంటాను. ఆ రోజు తడుముకోవాల్సిన పని లేకపోయింది. సంగారెడ్డిలో ఆ ఫంక్షన్ హాలు గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద మూరెడేసి అక్షరాల్లో ఉంది: 'ఎన్నెన్నో కాపురాలు నిలబెట్టిన మాతృమూర్తికి ఘన సన్మానం.' కింద మా వకీలమ్మ ఫొటో ఒకటి, దాని చుట్టూ నల్లకోట్ల మగవాళ్ల ఫొటోలు. ఎవరికి సన్మానమో వెతుక్కోవాలి. నేను అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు. తప్పు రాశారు.

ఆమె కాపురాలు నిలబెట్టిన మనిషి కాదు. ఉండలేని కాపురంలో నుంచి ఆడదాన్ని ప్రాణాలతో బయటికి తెచ్చిన మనిషి. సంగారెడ్డి కోర్టులో ఆమె చూసినవన్నీ మొగుడు పెళ్లాల కేసులే. కలిసి ఉంటామన్న వాళ్లను కలిపింది, కాదనను. కానీ ఆమె గుమ్మం ఎక్కిన వాళ్లలో ఎక్కువమంది కలవడానికి వచ్చినవాళ్లు కారు. ఆ సంగతి ఫ్లెక్సీ వేయించిన వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఎందుకంటే ఆమెకు 'విడాకులమ్మ' అని పేరు పెట్టింది వాళ్లే.

ఆ పేరు నేను కోర్టు వరండాలో నా చెవులతో విన్నాను. ఆమె నడిచి వస్తుంటే టైపు మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్లు, టీ తాగేవాళ్లు, సాటి ప్లీడర్లు, అందరూ అనేవాళ్లు. ఆమెది కోస్తా వైపు కుటుంబం. తండ్రి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి టౌన్‌షిప్ క్వార్టర్లో స్థిరపడ్డాడు. ఆమె లా చదివి సంగారెడ్డి కోర్టుకు వచ్చిన కొత్తలో బార్ గదిలో కుర్చీ ఇవ్వలేదట. రికార్డు గది తలుపు పక్కన ఒక బెంచీ మీద కూర్చునేది. కేసులతో ఆమె దగ్గరికి పోయిన మేమంతా ఆ బెంచీ చుట్టూ నేల మీద కూర్చునేవాళ్లం. తర్వాత కుర్చీ ఇచ్చారు కానీ ఆమె బెంచీ వదల్లేదు. పెళ్లి చేసుకోలేదు. అది కూడా వాళ్లకు ఒక మాటే అయింది. తనకు లేదు కాబట్టి ఒకరికి ఉండనివ్వదని.

ఇప్పుడు ఆమెకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. అన్నీ వినిపిస్తాయి, అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం చెప్పలేదు. జవాబు చెప్పలేని స్థితికి వచ్చాక సన్మానం పెట్టారు. నా కోపమంతా అక్కడే.

ఆ సన్మానానికి నన్ను పిలిచిన తీరు కూడా చెప్పాలి. ఒక కుర్ర వకీలు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. మేడమ్ గారు నిలబెట్టిన కాపురాల నుంచి కొన్ని జంటలను పిలుస్తున్నామని, ఆ దంపతుల చేతుల మీదుగానే శాలువా కప్పిస్తామని, మొదటి వరుసలో కుర్చీలు వేయిస్తున్నామని చెప్పాడు.

"అంకుల్‌ని కూడా తప్పకుండా తోలుకొని రండి పెద్దమ్మా. ఇద్దరు కలిసి నిలబడితే ఫొటో మంచిగొస్తది."

"నీ అంకుల్ యాడున్నడో నాకెట్ల తెలుసు బిడ్డా? నీకు దొరికితే నువ్వే తోలుకొనిరా."

నాకు మొగుడున్నాడని అతను ఎందుకనుకున్నాడో తర్వాత తెలిసింది. వకీలమ్మను చూడడానికి నేను పోయినప్పుడు అతను ఒకసారి నన్ను ఆమె ఇంట్లో చూశాడు. నా నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు ఉంటుంది. పుట్టినప్పటి నుంచి పెట్టుకుంటున్న బొట్టు, ఎవరి పేరు మీదా పెట్టుకున్నది కాదు. అతను దాన్ని చూసి నా వెనక ఒక మొగుడిని నిలబెట్టుకున్నాడు. పాత కక్షిదారు, బొట్టు ఉంది, కాబట్టి కాపురం నిలిచింది. చదువుకున్న వకీలు తీసిన లెక్క అది. మొగుడు లేకుంటే పోనీలే, మీరైనా రండి, రెండు మాటలు మాట్లాడండి, అంకుల్ సంగతి ఎత్తకండి అని చివరికి సర్దుకున్నాడు. వస్తానన్నాను. ఎత్తనని మాత్రం అనలేదు.

నా కేసేమిటో చెప్తే గాని నా కోపం అర్థం కాదు.

నా మొగుడు పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. మేము ఉండేది రేకుల గదుల వరుసలో, కిరాయికి. ఆ వరుసలో సగం మంది బిహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు. నా మొగుడు తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు, బియ్యం ఉప్పు లోటు రానిచ్చేవాడు కాదు. షిఫ్టుకు పోయేటప్పుడు బయటి నుంచి తలుపుకు తాళం వేసి చెవి జేబులో వేసుకుని పోయేవాడు. అంతే. ఏడాదికి ఒకసారి బొంతపల్లి జాతరకు తీసుకుపోయేవాడు. ఆ ఒక్కనాడు నేను జనంలో నడిచేదాన్ని. ఈ జాతర సంగతిని కూడా తర్వాత ఆయన వకీలు కోర్టు కాగితంలో రాయించాడు, పెళ్లాన్ని ఎంత బాగా చూసుకున్నాడో చూడండని.

ఒక మధ్యాహ్నం పక్కనున్న ఏదో ఫ్యాక్టరీ నుంచి గ్యాసు వదిలారు. మా దగ్గర వాసన కొత్త కాదు. ఆ రోజు వాసనతో ఆగలేదు. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. జనం తడిగుడ్డలు ముక్కుకు అడ్డం పెట్టుకుని హైవే వైపు పరుగెత్తుతున్నారు. నడక కూడా రాని బిడ్డను నేను చంకనేసుకుని కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్నాను. చూసినవాళ్లు చూశారు. తలుపు వైపు వచ్చిన వాళ్లు తాళం చూసి పోయారు. చివరికి నాలుగు గదుల అవతల ఉండే బిహారు పిల్లగాడు ఒకడు ఇనుప రాడ్డు తెచ్చి తాళం పగలగొట్టాడు. నేను హైవే దాకా ఉరికి, అక్కడి నుంచి మా అమ్మ దగ్గరికి పోయాను. మళ్లీ రాలేదు.

అప్పుడు నా మొగుడు కోర్టుకు పోయాడు. నేను కాదు, ఆయన. పెళ్లాం కారణం లేకుండా ఇల్లు విడిచి పోయింది, కాపురానికి వచ్చేటట్టు ఆర్డర్ ఇవ్వండి అని దావా వేశాడు. అట్లాంటి దావా ఒకటి ఉంటుందని నాకు తెలియదు. తప్పిపోయిన బర్రెను తోలుకురమ్మన్నట్టు మనిషిని తోలుకురమ్మని అడగొచ్చని తెలియదు. ఆ కాగితం పట్టుకుని రికార్డు గది పక్కన బెంచీ దగ్గరికి పోయాను.

నా గోడు అంతా వెళ్లబోసుకుందామని కూర్చున్నాను. ఆమె వినలేదు.

"నీ సంగతి తర్వాత. ముందు అతను ఏమంటాడో చెప్పు."

"ఆయనేమంటడమ్మా, ఆయనొక దుర్మార్గుడు."

"తను దుర్మార్గుణ్ణని అతను జడ్జి ముందు చెప్పుకోడుగా. అతని నోటితో చెప్పు. బాగా చెప్పు. నేను నమ్మేటట్టు చెప్పు."

ఆమె పని చేసే పద్ధతి అది. ఎవరొచ్చినా ముందు అవతలివాళ్ల తరఫున మాట్లాడించేది. తిట్టడానికి వీల్లేదు, వెక్కిరించడానికి వీల్లేదు. అవతలివాడి మాటను అవతలివాడి కంటే బాగా చెప్పగలిగిన రోజున వకాల్తా కాగితం మీద వేలిముద్ర వేయించుకునేది. నాకు ఒళ్లు మండింది. ఈమె కూడా వాళ్ల మనిషే అనుకుని లేచి పోయాను. ఆమె ఆపలేదు. బస్టాండు దాకా పోయి, ఇంకో వకీలు ఎవరో కూడా తెలియక, తిట్టుకుంటూ తిరిగొచ్చి కూర్చున్నాను. చెప్పాను.

"నేను షిఫ్టుకు పోత. ఇంట్ల వయసులున్న పెండ్లాం. చుట్టూ బయటి రాష్ట్రపోళ్లు, ఒంటిగాళ్లు. రేపు ఏమన్న అయితే అడిగేటోడు ఎవడు? తాళం ఎయ్యకపోతే ఎట్ల? దాని మంచికే ఏసిన."

చెప్తూ చెప్తూనే నాకు తట్టింది. నా నోటి నుంచి వచ్చిన ఆ మాటలో తప్పు పట్టేవాళ్లు మా వాడలో ఒక్కరు కూడా లేరు. మా అమ్మ కూడా అదే అంది. మంచికే కదా వేశాడు అని. నా మొగుడు దుర్మార్గుడని ఏడ్చినన్నాళ్లూ నాకు తెలియని సంగతి అది. తాళానికి ఊరంతా ఒప్పుకుంది. ఇంక అవతలి వైపు ఆయన ఒక్కడే లేడు.

"ఇప్పుడు చెప్పు, దానికి నీ జవాబేంటి?" అని ఆమె పెన్ను మూత తీసింది.

నా జవాబును ఆమె తెలుగులోనే రాసింది. ఇంగ్లీషు రాక తెలుగులో రాస్తుందని పక్కవాళ్లు నవ్వేవాళ్లట. రాసింది నాకు చదివి వినిపించి, తప్పుంటే చెప్పమనేది. నేను రెండుచోట్ల తప్పు చెప్పాను, దిద్దింది.

ఇంకొకటి నేర్పింది. బోనులో నిలబడినప్పుడు తన చేతి వైపు చూస్తుండమంది. జవాబు సరిపోయిందనుకుంటే పెన్ను మూతతో బల్ల మీద టక్‌మని కొడతానంది. ఆ చప్పుడు వినపడగానే నోరు మూసుకోవాలి. గెలిచిన మాట మీద ఇంకో మాట పెడితే అది ఓడిపోతుందని అనేది.

నా మొగుడి తరఫు ప్లీడరు చక్కగా మాట్లాడే మనిషి. కొట్టాడా అని అడిగాడు. లేదన్నాను. పస్తు పెట్టాడా అన్నాడు. లేదన్నాను. వేలిముద్ర వేశావు కదా, కాగితంలో ఏముందో నీకేం తెలుసు అన్నాడు. మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను. జడ్జి తల ఎత్తి చూశారు. అప్పుడు ప్లీడరు కొంచెం గొంతు తగ్గించి అసలు మాట అడిగాడు.

"తాళం పగలగొట్టిన ఆ బిహారీ నీకేమవుతాడు?"

వెనక బెంచీల్లో నవ్వులు వినపడ్డాయి.

"ఏం కాడు. అందరు ఉరికిన్రు, ఆయన ఆగిండు."

"నీ భర్త నిన్ను ఏ విధంగా బాధపెట్టాడు మరి?"

"తాళం బయట ఉండె సారూ. లోపలుంటే మంచికే అనుకుందును."

టక్‌మంది. నేను నోరు మూసుకున్నాను. ఇంకా చెప్పాలని గొంతుదాకా వచ్చింది, మింగాను.

దావా కొట్టేశారు. నేను పోవాల్సిన పని లేదని రాశారు. తర్వాత విడాకులూ ఆమే ఇప్పించింది. దావా కొట్టేసిన రోజు వరండాలో ఆ ప్లీడరే, నాకు వినపడేటట్టు, విడాకులమ్మ ఇంకో కొంప కూల్చిందన్నాడు. ఆమె ఆగి, "కొంప అలాగే ఉందండీ, వెళ్లి చూసుకోండి. తాళమే పోయింది," అని నడుచుకుంటూ పోయింది.

ఆ ప్లీడరు ఇప్పుడు జుట్టు నెరిసిన పెద్ద వకీలు. సన్మాన సభకు అధ్యక్షుడు ఆయనే.

సన్మానం రోజు, మేమిప్పుడు ఉంటున్న పటేల్‌గూడ నుంచి మా బిడ్డ నన్ను స్కూటీ మీద హాలు దగ్గర దింపి డ్యూటీకి పోయింది. మొదటి వరుసలో నా పక్కన ఒక షావుకారు గారి భార్య కూర్చుంది. సంగారెడ్డి బజారులో వాళ్లకు ధాన్యం, పప్పుల దుకాణం. శాలువా కప్పాల్సిన జంటల్లో వాళ్లొకరు. ఆయన లేచి పోయి పెద్దవాళ్లతో చేతులు కలుపుతున్నాడు. మిమ్మల్ని నిజంగానే వకీలమ్మ కలిపిందా అని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి నా చెవి దగ్గర అంది.

"ఆమె ఏడ కలిపిందక్కా. నేను ఒక్కపారి ఆమె దగ్గరకు పోయిన. దుకాణం పంచాల్సొస్తదని మావోళ్లు నడిమిట్ల పడి తోలుకొచ్చిన్రు. మమ్మల్ని కలిపింది దుకాణం."

వేదిక మీద వకీలమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. మెడ వరకు దండలు. ఎడమ చేతిలో ఆ పాత లావు పెన్ను ఉంది. అది చేతిలో లేకపోతే ఆమెకు కుదురుండదని, ఆమెను చూసుకునే అమ్మాయి ఎక్కడికి తీసుకుపోయినా చేతికిస్తుంది. ఆమె ముందు బల్ల మీద బొకేలు.

అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. ఆయన గొంతు ఇప్పటికీ బాగుంది. విడాకులు అనే మాట ఆమె నోట ఏనాడూ వినలేదన్నాడు. వచ్చిన ప్రతి ఆడపిల్లకూ నచ్చజెప్పి, సర్దుకుపొమ్మని చెప్పి, మెట్టినింటికి పంపిన మహాతల్లి అన్నాడు. నేటి తరం ఆడపిల్లలు చిన్న చిన్న వాటికే కోర్టుకెక్కుతున్నారని, ఈమెను చూసి నేర్చుకోవాలని అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను వకీలమ్మ మొహం చూశాను. పక్షవాతం మొహంలో ఏమీ తెలియదంటారు. నాకు తెలిసింది. కళ్లు ఆయన మీద నుంచి కదలలేదు. ఒక మనిషి బతుకంతా చేసిన పనిని ఆమె కళ్లముందే తిరగేసి, ఇదీ నువ్వు చేసింది అని ఆమె ఒళ్లోనే పెడుతున్నారు. కాదనడానికి ఆమెకు నోరు లేదు. ఆ హాల్లో ఎవరూ కాదనకపోతే రేపటి నుంచి అదే నిజం.

జంటలు వచ్చి శాలువాలు కప్పారు. కుర్ర వకీలు నా చేతికి మైకు ఇస్తూ రెండే మాటలు పెద్దమ్మా అని బతిమాలాడు. నాకు మైకు అలవాటు లేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. అప్పుడు ఆమె పద్ధతే గుర్తొచ్చింది. ముందు అవతలివాళ్లది.

"పెద్దసారు చెప్పింది నేను మళ్ల చెప్త. ఈమె ఆడోళ్లకు నచ్చజెప్పి ఇంటికి తోలింది. విడాకులన్న మాట అనలే. గిది మీ మాట. ఎందుకంటున్నరో గది గూడ చెప్త. మీ ఇండ్లల్ల బిడ్డలున్నరు, కోడండ్లున్నరు. ఈమె చేసిన పని ఇదీ అని ఈడ చెప్తే, రేపు వాళ్లు గూడ అడుగుతరు. గందుకే పని దాచిపెట్టి మనిషికి దండలేసిన్రు. మనిషికి మాట పోయింది, కాదనదు."

మొదట్లో కొందరు నవ్వారు. తర్వాత నవ్వలేదు.

"ఇగ నా మాట. నన్ను ఈమె కలపలే. నా మొగడు తాళమేసి పోతుండె, ఈమె ఆ తాళం తీపిచ్చింది. మీరందరు ఈమెను విడాకులమ్మ అన్నరు. ఆ పేరు పెట్టి కప్పున్రి శాలువ, నేను చప్పట్లు కొడత. ఆ దినం కోర్టుల నన్ను, ఆ బిహారీ నీకేమవుతడని అడిగిన సారు ఎవరంటే..."

టక్‌మంది.

బొకేల మధ్య నుంచి ఎడమ చేయి పెన్ను మూతతో బల్లను కొట్టింది. చిన్న చప్పుడే. కానీ నేను ఆ చప్పుడుకు ఆగడం నేర్చుకున్న మనిషిని. అధ్యక్షుడి వైపు చూశాను. ఆయన బల్ల మీద గుడ్డను సరిచేస్తున్నాడు. గుర్తుపట్టాడు. చాలు. మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నాను.

ఇక్కడ ఆ పెన్ను లేదు కనుక మిగిలింది రాస్తున్నాను. ఆ రోజు నన్ను ఆ మాట అడిగింది ఆ అధ్యక్షుడే. అడగడం ఆయన వృత్తి, దానికి నేను క్షమించాను. వరండాలో కొంప కూల్చిందన్నాడు, అదీ క్షమించాను. కానీ ఎదురు నిలబడి ఓడిపోయిన మనిషి, ఆమె నోరు పడిపోయే దాకా ఆగి, తన వాదననే ఆమె జీవిత చరిత్ర అని చదివాడు చూడండి, అది క్షమించను. తిట్టి ఉంటే నయం. తిట్టులో ఆమె పనైనా మిగిలేది. మా పక్కనే వెలిమెల వైపు లేస్తున్న అంతస్తుల ఇళ్లలోనూ బయటి నుంచి వేసే తాళాలుంటాయి. ఇనుముతో చేసినవి కాకపోవచ్చు, ఫోనులో ఉండొచ్చు. వాటిలో ఉన్న పిల్లకు ఈ జిల్లాలో ఇట్లాంటి వకీలమ్మ ఒకామె ఉండేదని తెలియాలి. సర్దుకుపొమ్మన్న తల్లి అని తెలిస్తే ఆ పిల్ల ఇంకో తాళం లోపలికి పోతుంది.

భోజనాలకు లేచారు. అధ్యక్షుడు మా వైపు రాలేదు. కుర్ర వకీలు మాత్రం వచ్చి నీళ్ల సీసా ఇచ్చి పోయాడు. షావుకారు వడ్డించే చోటికి పోగానే ఆయన భార్య కుర్చీ నా వైపు జరుపుకుంది. ఆమె వయసు నాకంటే పెద్ద తక్కువేమీ కాదు.

"అక్కా, వకీలమ్మ ఇంక కేసులు పట్టదు గదా?"

"పట్టదు."

"ఆమె అసువంటోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?"

ఉన్నారు. ఆ బెంచీ దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు అదే కోర్టులో సొంతంగా కేసులు చూసుకుంటున్న ఒక అమ్మాయి పేరు నాకు తెలుసు. వెంటనే చెప్పలేదు.

"చెప్త. ముందుగాల మీ ఆయన ఏమంటడో చెప్పు. తిట్టకు. ఆయన నోటితోని చెప్పు."

ఆమె వడ్డించే వైపు ఒకసారి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ తీసేసింది. చెప్పడం మొదలుపెట్టింది.